గొట్టానికీ టైరుకీ నడుమ

మా బాపు 1991లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ని డర్టు బైకుగా మార్చాలనే బుద్ధి నాకెందుకు పుట్టిందో తలచుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది. 1963 నాటి 'ది గ్రేట్ ఎస్కేప్' సినిమాలో ముళ్ళకంచె మీదుగా మోటారు సైకిలు ఎగిరే దృశ్యం చూసినవారు నన్ను కొంతవరకు క్షమించగలరు. (ఆ దూకు దూకినది స్టీవ్ మెక్వీన్ కాదనీ, ఆయన మిత్రుడు బడ్ ఎకిన్స్ అనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.)

నెపం మాత్రం పొలమే. పాలకుర్తి నుంచి బమ్మెర వైపు వెళ్ళే దారిలో మా చెలక. సోమనాథుడి ఊరికీ, పోతనదిగా చెప్పుకునే ఊరికీ నడుమ ఉన్న నేల కనుక పవిత్రమైనదే కావచ్చు గాని, వానాకాలంలో బండికి మాత్రం నరకం. బురద, అందులో కనపడని రాళ్ళు. కుడివైపు కిందుగా పోయే సైలెన్సరుకు అప్పటికే రెండు సొట్టలు. దాన్ని పైకెత్తిస్తే రాళ్ళ బాధ ఉండదు, వెనక బొడిపెల టైరు వేస్తే జారుడూ ఉండదు అనుకున్నాను. అచ్చంగా మట్టి దారులకోసం తయారయ్యే బండ్లలో గొట్టం ఎత్తుగా ఉండడం చూసే ఉంటారు. ఆ ఎత్తుకు కారణం ఇదే.

వెల్డింగు చేసే అతను మొదటే అడిగాడు: "అన్నా, గొట్టం షాకబ్జరుకు బయటికెల్లి తియ్యాల్నా, లోపటికెల్లి తియ్యాల్నా?" బయటినుంచి తీస్తే వెనక కూర్చున్నవారి పిక్క కాలుతుంది. వెనక కూర్చునేది బాపే. అందుకని లోపలినుంచే తీయమన్నాను. నా లెక్కలో అది పితృభక్తి.

టైరు సంగతి వేరు. ఆ బండికి వెనక కంపెనీ ఇచ్చేది 2.75-18. మొదటి అంకె వెడల్పు, రెండోది రింగు వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. నేను వేయించినది 3.50. అంటే ఒక్కొక్క పక్కకు సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు పెరిగిందన్నమాట. అంచున పొడుచుకు వచ్చే బొడిపెలు అందుకు అదనం. టైరు ఎత్తూ పెరుగుతుంది. స్టాండు మీద నిలబెట్టి చూస్తే గొట్టానికీ టైరుకీ నడుమ నా చూపుడువేలు సులువుగా దూరింది. ఒక్కణ్ణే రెండు రోజులు తిరిగాను. ఏ ఇబ్బందీ రాలేదు.

దసరా మరునాడు బాపును వెనక కూర్చోబెట్టుకుని చెరువు కట్ట మీదుగా వెళుతున్నాను. "ఏదో కాలుతున్న వాసనొస్తున్నదిరా" అన్నాడాయన. పక్క చెలకలో చెత్త తగలబెడుతున్నారేమో అన్నాను. ఇంకో గుంతలో పడగానే వెనక చక్రం ఒక్క క్షణం పట్టేసినట్టై బండి అడ్డంగా తిరిగింది. కట్టకు ఎడమ పక్క నీళ్ళు, కుడి పక్క పది అడుగుల లోతు. మేం పడింది కట్ట మీదనే. బాపు మోచేయి దోక్కుపోయింది. డెబ్బై దాటిన మనిషి, లేచి పంచె దులుపుకుని, నన్ను కాక బండిని చూశాడు. టైరు కుడి అంచున బొడిపెలు కోసినట్టు అరిగిపోయాయి. గొట్టానికి కరిగిన రబ్బరు నల్లగా అంటుకుని పొగలు కక్కుతోంది.

పాలకుర్తిలో మెకానిక్కు, నన్ను పెద్దగా ఏమీ అడగకుండానే వెనక షాకబ్జర్లు రెండూ ఊడదీసి, చక్రాన్ని చేతులతో పైకెత్తాడు. బరువు పడినప్పుడు చక్రం తిన్నగా పైకి లేవదు, స్వింగ్ ఆర్మ్ మొదలు కేంద్రంగా చాపంలా లేస్తుంది. సగం లేచేసరికే టైరు గొట్టాన్ని ఆనుకుంది. నా వేలు దూరిన సందు, బండి మీద ఎవరూ లేనప్పటి సందు.

అంతటితో ఆగలేదు. తాపీ మేస్త్రీలు వాడే దారం తెచ్చి వెనక టైరును ఆనించి ముందు టైరు దాకా రెండు వైపులా లాగి పట్టాడు. వెనక చక్రమే వంకరగా ఉంది! చైను వదులైందని ఎడమ నట్టు బిగించినది నేనే. కుడివైపు గీతలు చూసుకోనేలేదు. ఎడమ కొస వెనక్కు పోతే చక్రం వెనక భాగం కుడికి, అంటే గొట్టం వైపుకే, తిరుగుతుంది.

గొట్టాన్ని రెండంగుళాలు బయటికి వంచి పైన రేకు కడదామా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "పికప్పు తగ్గలేదా సార్?" తగ్గింది. టూ స్ట్రోకు ఇంజనులో సైలెన్సరు చప్పుడు తగ్గించే డబ్బా మాత్రమే కాదు. లోపల గొట్టం వెడల్పయి మళ్ళీ ఇరుకవుతుంది. ఆ ఇరుకు నుంచి వెనక్కు మళ్ళే ఒత్తిడి అల, బయటికి జారిపోబోయే తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. పొడవు మారితే అల వచ్చే వేళ తప్పుతుంది. (కంపెనీ కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదన్న సంగతీ అతనే గుర్తు చేశాడు.)

నులక మంచం మీద కూర్చుని అంతా వింటున్న బాపు అప్పుడు నోరు విప్పాడు: "రాయొస్తే మనం దిగి నడుస్తం గానీ, గొట్టమెందుకురా మీదికెక్కుడు?"

పాత సైలెన్సరు మా కొట్టంలోనే ఉంది. తెచ్చి, లోపలి కార్బను గీకించి బిగించాం. టైరు 3.00కు దింపాం, చక్రం దారానికి సరిచేశాం. చివరగా మెకానిక్కు, "పెద్దాయనను కూసోబెట్టుండ్రి" అన్నాడు. బాపు వెనక, నేను ముందు. అతను నేల మీద పడుకుని, టార్చి వేసి, మడ్‌గార్డు దగ్గరా, రెండు పక్కలా వేలుపెట్టి చూశాడు. మమ్మల్ని ఎగిరెగిరి కూర్చోమన్నాడు. దుకాణం ముందు నలుగురు చేరి నవ్వుతుండగా తండ్రీ కొడుకులం అలాగే ఎగిరాం.

"అయిపోయింది, దిగుండ్రి" అన్నాడతను.

బాపు దిగలేదు. "కిక్కు కొట్టు, పొద్దుగూకకముందే చెలక కాడికి పోయొద్దాం" అన్నాడు.