ఐదో గేరు, నా బద్‌గుమానీ

అబ్బా వదిలి వెళ్లిన కాంటెస్సా క్లాసిక్ మా అన్నదమ్ములిద్దరికీ అమానత్. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్లు. 2002లోనే ఆ కారు తయారీ ఆగిపోయింది కాబట్టి చిన్న చప్పుడొచ్చినా నా గుండె గుభేల్‌మంటుంది.

పోయిన రంజాన్‌లో కర్నూలు నుంచి హైదరాబాద్ పోతుంటే ఐదో గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోవడం మొదలైంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, టక్కుమని జారేది. ఐదో గేరంటే ఓవర్‌డ్రైవ్. నాలుగులో ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నే తిరుగుతుంది. ఐదులో ఇంజన్ కంటే షాఫ్టే ఎక్కువ తిరుగుతుంది. హైవే మీద ఇంజన్‌కు ఆరామ్, పెట్రోలుకు బర్కత్. దారంతా రాడ్‌ను చేత్తో అదిమి పట్టుకుని నడిపాను.

అంతకు వారం ముందు బండి తీసుకెళ్లింది తమ్ముడు. ఫోన్ చేసి, "క్లచ్ సరిగా తొక్కకుండా గేర్లు గుంజి డబ్బా ఖరాబ్ చేశావ్" అని ఇల్జామ్ వేసేశాను. "నేనేం చేయలేదు భాయ్‌జాన్" అని పెట్టేశాడు. ఆ వారం ఇఫ్తార్‌కు ఇంటికి రాలేదు. అమ్మీ నాతో ఏమీ అనలేదు కానీ, దస్తర్‌ఖాన్ మీద వాడి ప్లేటు మాత్రం రోజూ పెట్టేది.

మిస్త్రీ చాచా దగ్గర "గేర్‌బాక్స్ దింపేద్దాం" అన్నాను.

"నక్కో బేటా, పైలే నీచే దేఖేంగే" అన్నారాయన.

బండిని సమంగా ఉన్న చోట నిలిపి, పక్కనున్న ప్లగ్ విప్పి ఆయిల్ చూశారు. అంచుదాకా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే ఇనుప రజను తగల్లేదు. "కాలు తీసినప్పుడు రాడ్ ఊగుతుందా?" అనడిగారు. ఊగుతుందన్నాను. కింద దూరి, గేర్‌బాక్స్‌ను పట్టుకునే రబ్బరు మౌంట్‌లో సన్న కడ్డీ పెట్టి లేపి చూపించారు. రబ్బరు ఇనుప పట్టీ నుంచి ఊడిపోయి ఉంది. కాలు తీసినప్పుడల్లా గేర్‌బాక్స్ కదిలి, రాడ్ ఫ్లోరు అంచుకు తగిలి, గేరు బయటికొచ్చేస్తోంది.

"అందర్ సబ్ బేకసూర్ హై" అన్నారు చాచా. ఆపై మెల్లగా, "ఇది మార్చమని నీకు రెండేళ్ల కిందే చెప్పా" అన్నారు.

నిజమే. వచ్చే నెల, వచ్చే నెల అని దాటేసింది నేనే. రాడ్ మీద చెయ్యేసి నడిపితే లోపలి ఫోర్క్ అరుగుతుందని కూడా మందలించారు. ఆ పని చేసిందీ నేనే.

అసర్‌కల్లా కొత్త మౌంట్ బిగించారు. హైవే మీద పది కిలోమీటర్లు నడిపి చూశాను. గేరు కదల్లేదు, అల్హమ్దులిల్లాహ్. అట్నుంచి అటే తమ్ముడి ఇంటికెళ్లి, గుమ్మంలోనే మాఫీ అడిగాను.

"అబ్బా అయితే ముందు బండి కింద చూసేవారు భాయ్‌జాన్" అన్నాడు వాడు.

నా దగ్గర జవాబు లేదు. తాళం వాడికే ఇచ్చాను. ఆ రోజు మగ్రిబ్‌కు వాడే నడుపుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు.