‘డీ’లో దుర్గమ్మ

దుర్గాపూరనగానే మనవాళ్లకు వంగదేశపు ఉక్కు కర్మాగారం తడుతుంది. నేను చెప్పేది మహారాష్ట్రలో చంద్రపూరును ఆనుకుని ఉన్న బొగ్గుగనుల ఊరి సంగతి. దుర్గ అంటే అమ్మవారు, దుర్గమంటే కోట. పక్కనే గోండు రాజుల కోట ఉన్నా, నా మనసు అమ్మవారి వైపే మొగ్గుతుంది. రాణి హీరాయి కట్టించిన చంద్రపూరు మహాకాళి గుడికి చైత్రమాసపు జాతరలో తెలంగాణ నుంచీ భక్తులు వస్తారు కదా! మనకీ నేల కొత్తది కాదు. దాపునున్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాదే. 1959లో చాందా జిల్లాలో కలిసింది.

ఇక్కడి పాత గని పేరు దుర్గాపూర్ రైత్వారీ కాలరీ. పలకడానికి పొడుగని అందరూ డీఆర్సీ అంటారు. మా పిల్లలూ అంతే. ఆ ‘డీ’లో ఉన్నది దుర్గమ్మేనని వాళ్లకు మొన్ననే చెప్పాను.