గళ్ళు కట్టని బొమ్మ

శుక్రవారం పొద్దున్నే హాలు ముందు చేరి, పైన నవ్వుతున్న హీరో బొమ్మకేసి మెడలు నొప్పెట్టేదాకా చూసిన రోజులు మీలో చాలామందికి తెలియవు. మీరు పుట్టేసరికే ఫ్లెక్సీలొచ్చేశాయి. కంప్యూటర్లో ఫోటో పెడితే, మిషన్లోంచి ముప్ఫై అడుగుల హీరో చుట్టలు చుట్టుకుంటూ బయటికొస్తాడు. అంతకుముందు ఆ హీరోని చేత్తో వేసేవాళ్ళుండేవారు. వాళ్ళలో నేనొకణ్ణి.

మాది ఆలమూరు. గౌతమికి ఇవతల మేము, అవతల పులిదిండి. 1967లో బాపుగారు తన తొలి సినిమా ‘సాక్షి’ని ఆ పులిదిండిలోనే తీశారు. షూటింగు చూసొచ్చిన మా నాన్న, ఆ తరవాత ఎన్నో ఏళ్ళు, కృష్ణ గురించీ విజయనిర్మల గురించీ చెప్పిన దానికంటే "ఆ డైరెక్టరు బొమ్మలేసే ఆయనరా" అని చెప్పిందే ఎక్కువ. అంటే, బొమ్మలేసేవాడికి సినిమాల్లో చోటుందన్నమాట! ఆ ఒక్క మాట పట్టుకుని పదిహేడో ఏట రాజమండ్రి వెళ్ళి, ఒక బ్యానర్ ఆర్టిస్టు దగ్గర శిష్యుడిగా చేరిపోయాను.

మొదటి ఏడాదంతా బ్రష్షు ముట్టుకోనివ్వలేదు. వడ్రంగులు వాడే వజ్రం కాచడం, అందులో తెల్లపొడి కలిపి గుడ్డకు పట్టించడం, పొడి రంగుల్ని అవిసెనూనెలో నూరడం... ఇదీ నా పని. తరవాత గళ్ళు కట్టడం నేర్పారు. సినిమా కంపెనీ పంపిన స్టిల్ మీద అంగుళం అంగుళానికీ గీతలు గీస్తాం. గుడ్డ మీద అడుగు అడుగుకీ గీస్తాం. ఈ గడిలో ఉన్న కనుబొమ్మ ఆ గడిలోకి పోతుంది. పది అంగుళాల ఫోటో పది అడుగుల హీరో అయిపోతాడు! దగ్గర్నుంచి చూస్తే అంతా మరకలే. బుగ్గ మీద గులాబీ, గెడ్డం కింద నీలం, ముక్కు పక్కన పచ్చ. రోడ్డు దాటి అవతలి కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి చూస్తేనే అది ముఖం. "బస్సులో పోయేవాడు గుర్తుపట్టాలిరా" అనేవారు గురువుగారు. అదే మా విద్యంతా.

రెండు రాత్రుల్లో ఒక బ్యానర్ లేచిపోయేది. సినిమా వెళ్ళిపోగానే గుడ్డ మళ్ళీ మా దగ్గరికే వచ్చేది. నేను వేసిన ముఖం మీద నేనే తెల్లరంగు కొట్టి, కొత్త సినిమాకి గళ్ళు గీసేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా అలా ఎన్ని వందల ముఖాలు వేశానో లెక్కలేదు. ఒక్కటీ మిగల్లేదు. కనీసం ఒక ఫోటో కూడా లేదు నా దగ్గర! ఆ రోజుల్లో దాని గురించి దిగులే లేదు. మళ్ళీ శుక్రవారం ఉందిగా!

2000 దాటాక శుక్రవారాలు ఉన్నాయి గానీ మాకు పని లేకుండా పోయింది. ఫ్లెక్సీ చవక, త్వరగా అవుతుంది, వానకి తడిసినా చెడదు. ఎవర్ని తప్పుపడతాం? ఊరికొచ్చి ఒక ఎరువుల కొట్లో గుమాస్తాగా కుదిరాను. బ్రష్షులు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. మళ్ళీ తియ్యలేదు. ఆర్డరిచ్చేవాడు లేనప్పుడు ఎవరికోసం వెయ్యాలి?

ఈ ప్రశ్నకి నాకు జవాబు చెప్పింది ఎవరో తెలుసా? మన బ్రహ్మానందంగారు! 2020 లాక్‌డౌన్‌లో తలుపులన్నీ మూసుకున్న రోజుల్లో ఆయన ఇంట్లో కూర్చుని పెన్సిల్ పట్టారు. 2021 కొత్త సంవత్సరం నాడు ఆయన గీసిన వేంకటేశ్వరస్వామి బొమ్మ బహుమతిగా వచ్చిందని అల్లు అర్జున్ సంబరపడుతూ లోకానికి చూపించాడు. దానికి నలభై అయిదు రోజులు పట్టిందట. నేను ఉలిక్కిపడ్డాను. ఒక్క కాగితానికి నలభై అయిదు రోజులా! ఆ లెక్కన మేం ఇరవై రెండు బ్యానర్లు దింపేవాళ్ళం. ఆయన్ని వెయ్యమని ఏ మేనేజరూ అడగలేదు, ఏ శుక్రవారమూ తరమలేదు. అలాక్కూడా బొమ్మ వెయ్యొచ్చన్నమాట.

అయినా నాకు మరి నాలుగేళ్ళు పట్టింది. పోయిన ఏడాది కొట్లో పని మానేశాక, పెరట్లో ఖాళీగా పడున్న గొడ్ల పాక బాగుచేశాను. పన్నెండడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు. ఉత్తరం వైపు తడిక తీసి కిటికీ పెట్టించాను. కాలవ మీంచి వచ్చే వెలుతురు మెత్తగా ఉంటుంది. మొట్టమొదట ఎవర్ని వెయ్యాలి? ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరికీ హీరోయిన్లని చూపించాను కదా, మా ఆవిణ్ణి ఒక్కసారీ వెయ్యలేదు. ఆవిణ్ణే కూర్చోబెట్టాను.

రెండు రోజుల్లో అయిపోయింది! ఆవిడొచ్చి చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఎవరండీ ఈవిడ? మన జయప్రదగారా?"

బుగ్గ మీద గులాబీ, గెడ్డం కింద నీలం. చెయ్యి తన పాత పని తాను చేసుకుపోయింది. వెనక్కెళ్ళి చూద్దామంటే పాక పన్నెండడుగులే. కిళ్ళీకొట్టు దూరం ఇక్కడెక్కడిది?

అప్పుడొక రోజు రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి చిత్రశాలకు వెళ్ళాను. ఆ ఊళ్ళో అన్నేళ్ళున్నా తీరిక దొరకని చోటది. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, సొంత ఊరికే తిరిగొచ్చి బొమ్మలు వేసిన మనిషి. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. ఆ బొమ్మల ముందు నేను నా అలవాటు కొద్దీ వెనక్కి వెనక్కి నడిచాను. తరవాత దగ్గరికెళ్ళాను. దగ్గరికెళ్ళినా అవి చెదరలేదు. మనుషులు మనుషుల్లాగే ఉన్నారు.

ఇంటికొచ్చి రంగులు పక్కన పెట్టి మట్టి పట్టుకున్నాను. కాలవ గట్టు జిగటమట్టి నానబెట్టి, రాళ్ళేరి, కొబ్బరిపీచు తుంచి కలిపి తొక్కాను. కర్ర పాతి, దానికి కొబ్బరితాడు చుట్టి, మట్టి ఎక్కించాను. మట్టి దగ్గర గులాబీ రంగు ఆటలు సాగవు సుమండీ! పైగా బ్యానర్లో మనిషికి వెనక వైపు ఉండదు. చెవి వెనక ఏముంటుందో నలభై ఏళ్ళుగా నాకు అక్కర్లేకపోయింది. ఇప్పుడు మా ఆవిడ చుట్టూ పీట జరుపుకుంటూ చూస్తున్నాను. ఎడమ చెవి కుడిదానికంటే ఒక పిసరు కిందికుంది. దుద్దు బరువుకి తమ్మె సాగింది. నుదుటి మీద, పొయ్యి ఊదేటప్పుడు ముడుచుకునే చోట, ఒక గీత నిలిచిపోయింది. ఆ గీత పడుతున్న రోజుల్లో నేను రాజమండ్రిలో ఎవరెవరి నుదుళ్ళో దిద్దుతున్నాను.

"ఎంతసేపు చూస్తారండీ, కూర మాడిపోతోంది" అని లేచిపోతుంది. మర్నాడు పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది.

మూడు నెలలైంది. రాత్రుళ్ళు తడిగోనె కప్పుతాను. మట్టి ఆరిందంటే బీటలిస్తుంది. ఎన్నాళ్ళో ఇలా ఆపలేం. అచ్చు తీయాలి. గౌతమి దాటితే విగ్రహాలకు పేరుపడ్డ కొత్తపేట ఉండనే ఉంది. అక్కడ నాయకుల విగ్రహాలు కూడా ముందు మట్టిలోనే తయారై, అచ్చులోకి వెళ్ళి, ఆ తరవాతే కంచో ఫైబరో అవుతాయి. వచ్చే వారం వెళ్ళి, ప్లాస్టర్‌తో అచ్చు తీసే పని నేర్పమని అడుగుతాను. అరవై దాటాక మళ్ళీ శిష్యరికం! ఈ ముఖం మీద మాత్రం తెల్లరంగు కొట్టనివ్వను.

అన్నట్టు, బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసిన కుర్రాడే తరవాత ఎం.ఎఫ్. హుస్సేన్ అయ్యాడు. అందరం హుస్సేన్‌లం కాలేం లెండి. కానీ మీ ఊళ్ళో హాలు వెనక సందులో ఒక పాత బ్యానర్ ఆర్టిస్టు ఉండే ఉంటాడు. ఇప్పుడు ఏ కిరాణా కొట్లోనో పొట్లాలు కడుతుంటాడు. ఈసారి సినిమాకెళ్ళినప్పుడు వాకబు చెయ్యండి. "మాస్టారూ, ఇంట్లో బ్రష్షులున్నాయా?" అని ఒక్క ముక్క అడగండి. ఉంటాయి. ఎవరూ పారెయ్యరు.