నల్లగుర్రమూ, పుష్కరాల జట్కా

ఒకే నవలను ముమ్మారు చదివాను. మొదటిసారి గుర్రం కోసం ఏడ్చాను. రెండోసారి బండివాడి కోసం బాధపడ్డాను. మూడోసారి కలిగినది దుఃఖం కాదు, సిగ్గు. ఆ సిగ్గు సంగతి చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ నవల పేరు 'బ్లాక్ బ్యూటీ'. 1877 నవంబరులో ఇంగ్లండులో వెలువడింది. రాసినది అన్నా సెవెల్. పద్నాలుగో ఏట కాలికి దెబ్బ తగిలి, మరి సరిగా నడవలేకపోయిన మనిషి. ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపు బండే ఆధారం. తన బరువును మోసిన మూగజీవాల రుణం తీర్చుకోవడానికా అన్నట్లు, ఒక గుర్రం తన కథను తానే చెప్పుకుంటున్నట్లుగా, మంచాన పడి ఉండి ఈ ఒక్క నవలా రాసింది. అచ్చయిన అయిదు నెలలకే, 1878 ఏప్రిల్‌లో కన్నుమూసింది.

నేను మొదటిసారి చదివింది 1980లో, పన్నెండో ఏట. బడిలో నాన్‌డిటైల్డ్ పుస్తకంగా ఇచ్చారు. బొమ్మలతో బాగా కుదించిన ప్రతి. రాజమండ్రి ఇన్నీసుపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, తెలియని మాటలను వదిలేసి, తెలిసినంత మేరకు చదివాను. తాగిన మైకంలో ఒకడు రాత్రివేళ రాళ్ళ దారిలో స్వారీ చేయడం, గుర్రం పడిపోయి మోకాళ్ళు చీరుకుపోవడం, ఆ మచ్చల వల్ల దాని వెల పడిపోయి, ఒక యజమాని నుంచి మరొకరికి చేతులు మారడం... యజమాని మారినప్పుడల్లా దాని పేరూ మారుతుంది. పాత నేస్తం జింజర్ చివరికి శవమై బండిలో పోతున్న చోట వెక్కి వెక్కి ఏడ్చాను. "అన్నం తినవేమిరా?" అని మా బామ్మ అడిగితే గుర్రం చచ్చిపోయిందని చెప్పాను. ఎవరి గుర్రమో ఆవిడకు అర్థం కాలేదు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో గుర్రాలకేం కొదవ లేదు. రైలు దిగితే జట్కాలే. లోపల పచ్చగడ్డి పరిచి, దాని మీద గోనెపట్టా వేసేవారు. బరువు ముందుకు పడితే గుర్రానికి మోపు, వెనక్కి పడితే బండి లేస్తుంది. అందుకని "ముందుకు జరగండి బాబూ, కొంచెం వెనక్కండమ్మా" అంటూ బండివాడు మనుషులను తక్కెడలో రాళ్ళలా సర్దేవాడు. అతని పక్కన కూర్చోవడానికి పిల్లలం పోట్లాడుకునేవాళ్ళం. నవలలో అన్నిటికన్నా ఎక్కువగా ఖండించినది, గుర్రం తల ఠీవిగా పైకెత్తి ఉండాలని సంపన్నులు బిగించే పగ్గాన్ని. మన జట్కాలకు అలాంటి సోకులు లేవు కదా, మనవాళ్ళు దయగలవాళ్ళే అనుకున్నాను. ఉలవల ఖర్చుకు వెనుకాడి అరకడుపున ఉంచడమూ, మనుషులను కుక్కి ఎక్కించడమూ నా లెక్కలోకి రాలేదు.

రెండోసారి 1994లో. హైదరాబాదులో కొత్తగా ఉద్యోగం. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టలో పూర్తి ప్రతి దొరికింది. అప్పటికి జీతానికీ అద్దెకూ మధ్య దూరమెంతో నాకు బాగా తెలిసివచ్చింది. ఈసారి గుర్రాన్ని దాటి, పగ్గాలు పట్టుకున్న చేతులను చూశాను. బాడుగ బండి తోలే శామ్ అనేవాడు రోజుకు పద్దెనిమిది షిల్లింగులు యజమానికి కట్టాలి. ఆపైన వచ్చిందే తనకు. గుర్రాన్ని కొట్టక తప్పదు, ఇంటి దగ్గర పిల్లలున్నారు అంటాడు. కొద్ది రోజులకే చచ్చిపోతాడు. మంచివాడైన జెర్రీ బార్కర్ మాత్రం? కొత్త సంవత్సరం ముందురాత్రి, లోపల వెచ్చగా పేకాడుకుంటున్న పెద్దమనుషుల కోసం చలిలో గంటల తరబడి కాచుకుని, జబ్బుపడి, ఆ వృత్తినే మానుకున్నాడు. ఇంటి దగ్గర నేనెక్కే ఆటో కూడా రోజు బాడుగదేనని ఆ వారమే తెలిసింది. సాటి కష్టజీవినన్న గర్వంతో పుస్తకం మూశాను.

మూడోసారి చదివింది యాభై దాటాక. ఈమధ్య ఒక రాత్రి నిద్ర పట్టక, ఫోనులోనే అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాను. చివరి భాగంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. అప్పటికి గుర్రం బాగా చిక్కిపోయింది. స్టేషను దగ్గర ఒక కుటుంబం బండి కోసం వచ్చింది. గట్టిగా కేకలు వేసే తండ్రి, తల్లి, ఒక చిన్న కుర్రవాడు, ఒక ఆడపిల్ల, బోలెడు సామాను. ఈ గుర్రం ఇంత బరువు లాగలేదు, ఇంకో బండి తీసుకుందామని ఆ పిల్ల తండ్రిని బతిమాలుతుంది. ఆయన వినడు. లడ్గేట్ హిల్ ఎక్కలేక గుర్రం కుప్పకూలిపోతుంది. తప్పంతా తమదేనని ఆ పిల్ల అనడం దానికి లీలగా వినిపిస్తుంది.

ఇంతకు ముందు ఆ పిల్ల మంచితనాన్ని మెచ్చుకుని పేజీ తిప్పేశాను. ఈసారి ఆ కుర్రవాడి దగ్గర ఆగిపోయాను. వాడు తల్లితో పాటు నేరుగా వెళ్ళి బండిలో కూర్చున్నాడు. రచయిత్రి అతని గురించి అంతకన్నా ఏమీ చెప్పలేదు. చెప్పవలసినది నా దగ్గర ఉంది.

1979 గోదావరి పుష్కరాలు. నాకు పదకొండేళ్ళు. బంధువులందరూ మా ఇంటికి వచ్చారు. స్నానానికి బయలుదేరినప్పుడు ఒకే జట్కాకు పెద్దలమూ పిల్లలమూ కలిసి ఏడుగురం. పైగా బిందెలు, బట్టల మూటలు. "గుర్రానికి సత్తువ లేదండి బాబుగారూ, ఇంకో బండి కూడా కట్టించుకోండి" అన్నాడు బండివాడు. "పుష్కరాల్లో ఇంకో బండి ఎక్కడ దొరుకుతుందోయ్! అందరూ బక్కవాళ్ళే, పోనీ" అన్నాడు మా తాతయ్య. ఆయన చెడ్డవాడు కాడు. తెల్లవారుజామునే లేచి వీధికుక్కకు అన్నం పెట్టే మనిషి. నేను ఎవరికన్నా ముందెక్కి, బండివాడి పక్కన చోటు సంపాదించాను.

గట్టు మీదికి ఎక్కే వాలులో గుర్రం ముందుకాళ్ళ మీద పడిపోయింది. అందరమూ దూకేశాం. నేను మొదట చూసుకున్నది నా ఒడిలోని తాపేశ్వరం కాజాల పొట్లం చితికిందా అని. బండివాడు భుజం మీది తువ్వాలు తడిపి దాని మోకాళ్ళు తుడుస్తున్నాడు. మిగిలిన దారి నడవవలసి వచ్చింది కనుక, మాట్లాడుకున్న దానిలో అర్ధరూపాయి తగ్గించి ఇచ్చాడు తాతయ్య. అతను బేరమాడలేదు. తల కూడా ఎత్తలేదు.

ఇది జరిగిన మరుసటి ఏడే నేను అరుగు మీద కూర్చుని, మోకాళ్ళు చీరుకుపోయిన ఇంగ్లండు గుర్రం కోసం కన్నీరు కార్చాను! మా వీధి గుర్రం ఒక్కసారైనా గుర్తు రాలేదు. దానికి పేరుండేదో లేదో కూడా అడగలేదు.

బండివాణ్ణీ ఆరేళ్ళలోపు పిల్లలనూ మినహాయించి, అలాంటి బండిలో నలుగురికి మించి ఎక్కించరాదని 1965లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన చేసింది. అంటే నేను పుట్టకముందే. దాని సంగతి మాలో ఎవరికీ తెలియదు. తెలిసినా ఆగేవాళ్ళమని అనుకోను. బండివాడు నోరు తెరిచి చెప్పాడు కదా, అది ఏ నిబంధనకు తక్కువ?

అన్నా సెవెల్ ఈ పుస్తకాన్ని పిల్లల కోసం రాయలేదు. గుర్రాలతో పనిచేసేవారి కోసం రాసింది. మా ఊళ్ళో అది ఏ జట్కావాడికీ చేరలేదు, ఇంగ్లీషు చదువుకునే నాబోటి ప్రయాణికుడికి చేరింది. బహుశా సరైన చోటికే చేరింది. నా చోటు ఆ కథలో ఎక్కడో కనుక్కోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. గుర్రంలోనూ నన్ను చూసుకున్నాను, బండివాడిలోనూ చూసుకున్నాను. రెండూ గౌరవప్రదమైన స్థానాలే. మొదటి నుంచీ నేను కూర్చున్నది మాత్రం బండిలో.

ఇప్పుడు రాజమండ్రి వెళితే ఆ గట్టు వాలులో ఆటోలే ఎక్కుతున్నాయి. అక్కడికి రాగానే కాళ్ళు కాస్త ఆగుతాయి. ఆ అర్ధరూపాయి ఎవరికి ఇవ్వాలో తెలియదు...