నదికి ఆవలి బడి

నీటిగుర్రాన్ని మనలో చాలామంది హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనే చూసి ఉంటారు. మడుగులో రెండు చెవులు, రెండు కళ్లు మాత్రమే పైకి తేలుతూ ఉంటాయి. ఉన్నట్టుండి అది నోరు తెరిస్తే పిల్లలు కేరింతలు కొడతారు. వారితోపాటు మేమూ నవ్వాము. కంచెకు ఇవతల నిలబడినవారికి అది వినోదమే.

కంచె లేనిచోట సంగతి వేరు. ఎదిగిన మగ నీటిగుర్రం బరువు సుమారు 1,500 కిలోలు ఉంటుంది. కొన్ని 3,000 కిలోల వరకు కూడా పెరుగుతాయి. దాని కోరలు అరమీటరు వరకు పెరుగుతాయి. అంతటి దేహంతో, ఆ పొట్టి కాళ్లతోనే గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. అయినా అది మేత మేసే జంతువు. రాత్రివేళ గట్టెక్కి సుమారు 40 కిలోల గడ్డి మేస్తుంది. పగలంతా నీటిలోనే గడుపుతుంది. ఆకలి తీర్చుకోవడానికి అది మనిషి మీద పడదు. తనకూ నీటికీ నడుమ ఎవరైనా అడ్డు వచ్చినప్పుడు, పిల్లతో ఉన్న తల్లి దగ్గరకు పడవ వచ్చినప్పుడు దాడి చేస్తుంది. నీటి అడుగున ఉన్నదానిని పడవవాడు ముందుగా కనిపెట్టడం కష్టం.

పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశంలో అత్యధికులు ముస్లిములు. 2014 నవంబరులో, రాజధాని నియామే సమీపాన, నైజర్ నది దాటి బడికి వెళుతున్న పిల్లల పడవను ఒక నీటిగుర్రం బోల్తా కొట్టించింది. 12 మంది విద్యార్థులు, ఒక గ్రామస్థుడు మరణించారు. ఆ విద్యార్థులలో ఏడుగురు బాలికలు.

ఈ వార్త చదివినప్పుడు మా మనసు ఆ మృగం దగ్గర ఆగలేదు. ఆ తల్లుల దగ్గర ఆగింది. ఆడపిల్లను చదివించాలన్న తపనతోనే కదా వారు బిడ్డలను నది దాటించారు! నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీదుల స్థానం లభిస్తుందని హదీసుల ద్వారా మనకు తెలుసు. కడుపుకోతకు గురైన తల్లికి అంతకు మించిన ఓదార్పు లేదు. అయితే ఆ ఓదార్పు తల్లిదండ్రుల సొత్తు. క్షేమంగా దాటించే ఏర్పాటు చేయవలసినవారు దానిని సాకుగా వాడుకోరాదు. ముందు ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్ మీద నమ్మకం ఉంచమన్న మహాప్రవక్త (సఅసం) బోధ ఇటువంటి సందర్భాలకే వర్తిస్తుంది.

కొందరు ఆ జంతువులన్నిటినీ చంపివేయడమే పరిష్కారమంటారు. కాని నీటిగుర్రం తన నైజం ప్రకారం నడచుకుంది. భూమిపై సంచరించే జీవులు కూడా మనవంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. మాంసం కోసం, దంతాల కోసం సాగిన వేట వల్ల, నదీతీరాలు పొలాలుగా మారడం వల్ల ఆ జాతి ఇప్పటికే తరిగిపోయింది. మనిషి చేయగలిగినవి మరికొన్ని ఉన్నాయి: మందలుండే మడుగులను తప్పించి రేవు పెట్టడం, ఒక్క తోపుకు ఒరిగిపోని పెద్ద పడవ నడపడం, వీలైనచోట వంతెన కట్టడం, అన్నిటికీ మించి పిల్లలున్న ఒడ్డునే బడి పెట్టడం. ఒడ్డున కొంత గడ్డినేలను ఆ జంతువులకే వదలిపెడితే అవి పొలాల మీద పడడమూ తగ్గుతుంది.

ఇదేదో దూరదేశపు సంగతి అని తోసివేయలేము. మన గోదావరి లంకల పిల్లలు కూడా పడవల మీద బడికి వెళ్లడం మనం ఎరిగినదే. అక్కడ నీటిగుర్రాలు లేవు. వరద ఉంది, కిక్కిరిసిన పడవ ఉంది. బిడ్డ క్షేమం కోసం దుఆ చేసిన నోటితోనే, ఆ పడవలో ఎంతమందిని ఎక్కిస్తున్నారని కూడా అడగాలి. అడిగే ధైర్యాన్ని, జవాబు చెప్పవలసినవారికి బాధ్యతాభావాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.