గుప్పెడు బియ్యం, ఒక్క పిలుపు

మిజోరంలో పొరుగువారికి సాయపడటం ప్రతి ఇంటికీ విధి. ఇంతకీ పొరుగువారంటే ఎవరు?

రైలు సైరంగ్‌లో ఆగుతుంది. పట్టాలు అక్కడితో సరి. అస్సాం సరిహద్దుకు దగ్గరగా ఉన్న బైరబీ నుంచి సొరంగాలు, లోతైన లోయల మీది వంతెనలు దాటుకుంటూ వచ్చే ఈ 51 కిలోమీటర్ల మార్గం 2025 సెప్టెంబరు 13న ప్రారంభమైంది. ఇక్కడి నుంచి రాజధాని ఐజ్వాల్‌కు కొండ ఎక్కి పోవాలి. రైలు రాకముందు సైరంగ్ పేరు బయటివారికి పెద్దగా తెలియదు గానీ మిజోలకు మాత్రం చిన్నప్పటి నుంచీ పరిచయం. 1894 జనవరి 11న జె.హెచ్. లోరైన్, ఎఫ్.డబ్ల్యూ. సావిడ్జ్ అనే ఇద్దరు ఆంగ్ల మిషనరీలు త్లాంగ్ నది మీదుగా పడవలో వచ్చి దిగింది ఇక్కడే. రాష్ట్రంలో ఆ రోజు ఇప్పటికీ సెలవు దినం.

వారిద్దరూ ఆ విడత ఉన్నది నాలుగేళ్లే. ఆ కాస్త సమయంలోనే మిజో భాషకు రోమన్ లిపిలో అక్షరమాల కూర్చారు, నిఘంటువు సిద్ధం చేశారు, బైబిల్ అనువాదం మొదలుపెట్టారు. తొలుత అనువదించిన భాగాల్లో లూకా సువార్త ఒకటి. దారిదోపిడీకి గురై పడి ఉన్న మనిషిని చేరదీసిన సమరయుని కథ ఉన్నది అందులోనే. ఆ కథకు దారితీసిన ప్రశ్న చిన్నది: నా పొరుగువాడెవడు? 2011 జనాభా లెక్కల ప్రకారం 87 శాతం మంది క్రైస్తవులున్న ఈ రాష్ట్రం శతాబ్దానికి పైగా ఆ ప్రశ్నకు తనదైన రీతిలో జవాబు చెబుతూ వస్తోంది.

ఆ జవాబు వంటింట్లో మొదలవుతుంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, ఇల్లాలు అందులోంచి గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. దీన్ని 'బుహ్‌ఫై థామ్' అంటారు. అంటే గుప్పెడు బియ్యం. ప్రెస్బిటేరియన్ చర్చిలో ఈ ఆనవాయితీ 1910లో మొదలైంది. అప్పట్లో స్త్రీల చేతిలో డబ్బు ఆడేది కాదు. చేతిలో ఉన్నది వంటిల్లే. కాబట్టి వారు ఇవ్వగలిగింది బియ్యమే. చర్చి మహిళలు ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు ఖాళీ చేయించుకుంటారు. పోగైన బియ్యాన్ని అమ్మితే వచ్చే సొమ్ము చర్చి పనులకు, దూర ప్రాంతాల్లో పనిచేసే మిజో మిషనరీల పోషణకు వెళ్తుంది. ఉన్న ఇల్లూ లేని ఇల్లూ ఇందులో ఒకటే. అన్నం వండుకునే ఇంట్లో ఒక గుప్పెడు తగ్గినంత మాత్రాన ఎవరూ పస్తుండరన్నది దీని వెనకున్న లెక్క.

వంటింటి పని మౌనంగా సాగిపోతే, వీధిలో పని పిలుపుతో మొదలవుతుంది. ఐజ్వాల్‌లో పేటను 'వెంగ్' అంటారు. ప్రతి వెంగ్‌లోనూ మైకు ఉంటుంది. ఎవరైనా కన్నుమూస్తే ఆ కబురు మైకులో వినిపిస్తుంది. అప్పటి నుంచి ఆ ఇంటివారికి ఏడవడం తప్ప వేరే పని ఉండదు. శవపేటిక సిద్ధం చేసేవారు, సమాధి తవ్వేవారు, వచ్చినవారికి టీ కాచేవారు వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారు. యువతీయువకులు ఆ ఇంట్లో చేరి రాత్రి పొద్దుపోయేదాకా పాటలు పాడతారు. కూలి ప్రసక్తి రాదు. అధికారి కొడుకైనా, కూరగాయలమ్మే ఆమె కొడుకైనా పార పట్టాల్సిందే.

ఈ పిలుపు వెనక ఉన్నది యంగ్ మిజో అసోసియేషన్. అందరూ వైఎంఏ అనే అంటారు. 1935 జూన్ 15న వెల్ష్ మిషనరీలు, మిజో పెద్దలు కలిసి యంగ్ లుషాయ్ అసోసియేషన్ పేరుతో దీన్ని స్థాపించారు. 1947లో పేరు మారింది. ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేయడం, మిజో సమాజ అభివృద్ధి, క్రైస్తవ జీవన విలువలను గౌరవించడం దీని మూడు ఆశయాలు. శాఖ లేని ఊరు కనిపించడం కష్టం. అడవిలో దారి తప్పినవారి కోసం గాలించడం, కొండచరియ విరిగిపడితే మట్టి తీయడం, రక్తదానం, దారులు బాగుచేయడం అన్నీ వీరి పనులే. 2020-21లో కరోనా కమ్ముకున్నప్పుడు చర్చి హాళ్లు క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. వైఎంఏ యువకులు వీధి మొదట్లో కాపలా కాశారు. 2024 మే 28న రేమల్ తుపాను వర్షాలకు ఐజ్వాల్ శివారు మెల్తుంలో రాతి క్వారీ కూలినప్పుడు శిథిలాల దగ్గర పోలీసులతో పాటు వీరూ ఉన్నారు.

ఇదంతా చర్చి నేర్పిన పాఠమేనా? అంతా కాదు. మిజోల మాటల్లో 'త్లామ్‌ఙైనా' అన్నది ఒకటుంది. మరో భాషలోకి ఒక్క మాటలో తేలేనిది. తన సౌకర్యం చూసుకోకుండా, ఎవరూ అడక్కుండానే, పేరు కోరుకోకుండా ఎదుటివారి అవసరానికి ముందుండటం దాని భావం. మిషనరీల కంటే ఇది పాతది. ఒకప్పుడు ఊరి యువకులంతా రాత్రిళ్లు 'జోల్‌బుక్' అనే ఉమ్మడి ఇంట్లో పడుకునేవారు. నిప్పంటుకున్నా, పులి వచ్చినా, శత్రువు దాడి చేసినా లేచి పరుగెత్తాల్సింది వారే. పెద్దల మాటకు ఎదురు చెప్పడం ఉండేది కాదు. బడులు, చర్చిలు వచ్చాక జోల్‌బుక్ కనుమరుగైంది. అది వదిలిన ఖాళీలోకే వైఎంఏ వచ్చింది. పాత విధేయతకు సువార్త కొత్త కారణం చూపింది.

ఆ విధేయతకు గట్టి పరీక్ష 2021లో ఎదురైంది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. సరిహద్దులో పారే తియావు నది దాటి చిన్ ప్రజలు మిజోరంలోకి రావడం మొదలుపెట్టారు. వారు మిజోలకు రక్తబంధువులు, ఎక్కువమంది క్రైస్తవులు. చొరబాట్లను అడ్డుకోవాలంటూ మార్చి 10న కేంద్ర హోంశాఖ ఈశాన్య సరిహద్దు రాష్ట్రాలకు లేఖ పంపింది. అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా ఎనిమిది రోజులకే ప్రధానికి లేఖ రాశారు. ప్రాణభయంతో వచ్చినవారిని వెనక్కి నెట్టలేమన్నది దాని సారాంశం. ప్రభుత్వానికి లోబడటం, పొరుగువారిని ఆదుకోవడం రెండూ క్రైస్తవుడి విధులే. రెండూ ఎదురెదురుగా నిలిచినప్పుడు చంపాయ్ జిల్లా గ్రామాలు ఎక్కువ తర్జనభర్జన పడలేదు. చర్చిలు, వైఎంఏ శాఖలు వెదురు, టార్పాలిన్‌తో గుడిసెలు వేశాయి. ఇళ్ల నుంచి బియ్యం, కూరలు, దుప్పట్లు వచ్చాయి. వచ్చినవారి సంఖ్య 30 వేలు దాటింది. తర్వాత బంగ్లాదేశ్ నుంచి బామ్‌లు, 2023 మేలో మణిపుర్ హింస నుంచి కుకీ-జోలు వచ్చారు. వారికీ తలుపు తెరుచుకుంది.

ఆ తలుపు అందరికీ ఇలాగే తెరుచుకుందా? రాష్ట్రం పశ్చిమ అంచున మమిత్ జిల్లాలోని ఊళ్లు వేరే కథ చెబుతాయి. 1997 అక్టోబరులో చెలరేగిన హింసతో అక్కడి నుంచి వేలాది బ్రూ కుటుంబాలు త్రిపురకు పారిపోయాయి. బ్రూలది వేరే భాష, వేరే తెగ. వారిలోనూ క్రైస్తవులున్నారు. రెండు దశాబ్దాలకు పైగా వారు శిబిరాల్లోనే బతికారు. ఓటర్ల జాబితాలో వారి పేర్లుండటాన్ని మిజో సంఘాలు వ్యతిరేకిస్తూ వచ్చాయి. 2018 నవంబరులో బ్రూల ఓటు వివాదంలో ఎన్నికల ప్రధానాధికారిని తప్పించాలంటూ ఐజ్వాల్‌లో వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. పిలుపునిచ్చిన సంఘాల కూటమిలో వైఎంఏ ఉంది. సమాధి తవ్వడానికి జనాన్ని కదిలించే క్రమశిక్షణే ఆ రోజూ కదిలించింది. చివరికి 2020 జనవరి 16న ఢిల్లీలో కుదిరిన ఒప్పందంతో 30 వేలమందికి పైగా బ్రూలకు త్రిపురలోనే స్థిర నివాసం ఖాయమైంది. కొన్ని కుటుంబాలు అంతకుముందే మిజోరం తిరిగి వచ్చాయి.

అందరూ ఒక్క మాట మీద కదిలే చోట కాదనడమూ తేలిక కాదు. పిలుపు వచ్చినా ఇంట్లో కూర్చున్నవాణ్ని ఎవరూ కొట్టరు. కానీ వెంగ్ అంతా గమనిస్తుంది. రేపు తన ఇంట్లో చావు జరిగితే ఎవరొస్తారన్న ప్రశ్న అతన్ని వదలదు. స్వచ్ఛంద సేవలో స్వచ్ఛందం ఎంత, సంఘ కట్టుబాటు ఎంత అన్నది గీత గీసి చెప్పలేరు.

ఐజ్వాల్ నుంచి తూర్పున చంపాయ్ వైపు వెళ్లే దారిలో సేలింగ్ దగ్గర రోడ్డు పక్కన వెదురు కొట్లు కనిపిస్తాయి. కూరగాయలు, పండ్లు, ఎండు చేపలు, తేనె సీసాలు పేర్చి ఉంటాయి. కొట్లో ఎవరూ ఉండరు. ధర రాసిన అట్టముక్క, డబ్బులు వేయడానికి ఒక డబ్బా ఉంటాయి. యజమాని కొండ వాలులో తన చేలో పని చేసుకుంటూ ఉంటాడు. ఇటుగా వెళ్లేవారు ఏ తెగవారో, ఏ దేశం నుంచి వచ్చారో ఆ డబ్బాకు తెలియదు. కావలసింది తీసుకుని, డబ్బు వేసి, చిల్లర తీసుకుని వెళ్లిపోవచ్చు.