రాగి దాచుకున్న వేడి

ఒక పరికరాన్ని నమ్మడానికి ముందు అది దేన్ని చూడగలదో, దేన్ని చూడలేదో తెలుసుకోవాలని నాకు నేర్పినది ఒక చక్కెర కర్మాగారం. 2009లో, గోదావరి ప్రాంతంలోని ఆ కర్మాగారపు విద్యుత్ విభాగంలో నేను ఇంజనీరుగా చేరిన కొత్తలో, చేత పట్టుకుని వాడే థర్మల్ కెమేరా ఒకటి కొన్నారు. వేడిని రంగుల బొమ్మగా చూపే ఆ వస్తువు అప్పటికి మా అందరికీ వింతే. దానితో వచ్చిన లావుపాటి పుస్తకం చదివే ఓపిక నాకొక్కడికే ఉండటంతో అది నా బాధ్యత అయింది.

వారం తిరగకుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఉన్నట్టుండి టిక్కుమని శబ్దం చేసి బొమ్మ ఆగిపోతోందన్నది మొదటిది. అది జబ్బు కాదు. లోపలి చిన్న మూత ఒక్క క్షణం సెన్సారుకు అడ్డంపడి, దాని గడులన్నీ ఒకే తీరున చూస్తున్నాయో లేదో సరిచేసుకునే ఏర్పాటు. ఏసీ గదిలోంచి బాయిలర్ల వైపు తీసుకెళ్ళగానే అంకెలు నిలకడగా ఉండటం లేదన్నది రెండవది. చల్లని కటకం మీద తేమ పడుతుంది, కెమేరా ఒళ్ళు కూడా కొత్త వేడికి అలవాటు పడాలి. పావుగంటో, ఇరవై నిమిషాలో ఊరకే ఉంచితే కుదుటపడేది.

మూడవ ఫిర్యాదు తమాషా అయినది. ప్యానెల్ తలుపుకున్న అద్దంలోంచి చూస్తే లోపలి తీగలకు బదులు చూసేవాడి ఆకారమే కనబడుతోందట! మామూలు గాజు మన కంటికి పారదర్శకమే గాని, ఇటువంటి కెమేరా చూసే 8 నుంచి 14 మైక్రానుల పరారుణ కిరణాలకు అది గోడతో సమానం. అందుకే దాని కటకాన్ని గాజుతో కాక జెర్మేనియంతో చేస్తారు. ఇక నాలుగవది, దూరం నుంచి చూస్తే చిన్న బోల్టులు ఎప్పుడూ చల్లగానే ఉన్నాయన్నది. దూరం పెరిగినా, ఫోకస్ కుదరకపోయినా బోల్టు వేడి దాని చుట్టూ ఉన్న చల్లదనంతో కలిసిపోయి సగటు మాత్రమే కనబడుతుంది.

ఇవన్నీ విప్పిచెప్పాక నాకు కొంత గర్వం కలిగిన మాట నిజం. అది ఎన్నాళ్ళో నిలవలేదు.

జనవరి నెల, గానుగాట ముమ్మరంగా ఉన్న రాత్రి. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్ద మేస్త్రీ వచ్చి, "బాబుగారూ, మిల్లు ప్యానెల్ దగ్గర ఏదో మాడు వాసనొస్తోందండి," అన్నారు. తగిన జాగ్రత్తలతో తలుపు తెరిపించి కెమేరా ఎక్కుపెట్టాను. మూడు ఫేజుల లగ్గులూ 46, 48, 47 డిగ్రీలు చూపాయి. "ఏమీ లేదండీ, మూడూ సమానంగానే ఉన్నాయి," అన్నాను. ఆయన కదలలేదు. "యంత్రం సంగతి నాకు తెలీదండి. వాసన మాత్రం వస్తోందండి."

కొంచెం విసుగుతోనే మళ్ళీ చూశాను. ఈసారి గురి లగ్గు మీద నుంచి కిందికి జారి, దాన్ని ఆనుకుని ఉన్న తీగ పీవీసీ తొడుగు మీద పడింది. మధ్య ఫేజు తొడుగు 96 డిగ్రీలు. పక్కవి రెండూ 52 దగ్గర ఉన్నాయి. ఆ తొడుగు నిరంతరం ఓర్చగల హద్దు 70.

అప్పుడు వెలిగింది. కెమేరా ఉష్ణోగ్రతను చూడదు, వస్తువు నుంచి వచ్చే కిరణాలను చూసి ఉష్ణోగ్రతను లెక్కకడుతుంది. నల్లని టేపో, మన చర్మమో తన వేడిని ఉన్నదున్నట్టు వెదజల్లుతుంది. వాటి ఉద్గారత దాదాపు 0.95 ఉంటుంది. మెరుగుపెట్టిన రాగికి అది దాదాపు 0.05. అంటే అది తన వేడిని దాచుకుని, అద్దంలా ఎదుటివాటి వేడిని మనకు తిప్పి పంపుతుంది. నేను చదివిన 48 రాగిది కాదు, చాలావరకు ఆ గదిది. కెమేరాలో 0.05 అని దిద్దినా ప్రయోజనం అంతంతమాత్రమే. అంత చిన్న సంఖ్యతో లెక్కకడితే రవ్వంత పొరపాటు కూడా కొండంత అవుతుంది.

మిల్లు ఆపడం మాటలు కాదు. గేటు బయట చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. నరికిన చెరకు ఎండితే బరువు తగ్గుతుంది, ఆ నష్టం రైతుది. ఆపకుండా నిప్పు రేగితే నష్టం అందరిది. ఆపమన్నాను. గంటన్నర పట్టింది. విప్పి చూస్తే బోల్టు వదులై, లగ్గు అడుగు నల్లగా మాడిపోయి ఉంది. శుభ్రం చేసి, కొత్త లగ్గు వేసి, పూర్తి లోడు మీద మళ్ళీ చూశాము. సగం లోడు మీద చూస్తే అతుకులో పుట్టే వేడి నాలుగో వంతే, జబ్బు దాక్కుంటుంది. మూడు తొడుగులూ 50కి అటూ ఇటూగా నిలిచాయి.

ఆ సీజను ముగిశాక, కరెంటు పూర్తిగా తీసిన రోజున, ప్రతి అతుకు పక్కన చిన్న నల్ల టేపు ముక్క అంటించాము. ఆ పని దగ్గరుండి చేయించినది మేస్త్రీ గారే. "మీ కెమేరాకు బొట్టు పెట్టామండి," అని నవ్వారు.

తర్వాత ఎన్ని కెమేరాలు చేతులు మారినా, ఎదుటి మనిషి "వాసనొస్తోంది" అన్నప్పుడు అంకె చూపించి నోరు మూయించే పని మాత్రం మళ్ళీ చేయలేదు. ఆ రాత్రి కెమేరా చెడిపోలేదు. అడగవలసిన చోట అడగనివాణ్ణి నేనే.